మాటల వేళ్లు – 8వ పాఠం: లాక్

పోయిన పాఠంలో ‘బ్యాంక్’ చూశాం. గోదావరి గట్టు మీద కూర్చుంటే ‘ఆన్’, డబ్బు కోసం లోపల వరసలో నిలబడితే ‘ఇన్’ అని రాసినవారికి పూర్తి మార్కులు. ఈ వారం మాటను డెల్టా పిల్లలు బడికి వెళ్లక ముందే నేర్చుకుంటారు. ధవళేశ్వరంలోనో, విజ్జేశ్వరంలోనో, ఆత్రేయపురం దగ్గర లొల్లలోనో ‘లాకులు’ అంటే అర్థం చెప్పమని ఎవరూ అడగరు. చిక్కల్లా ఒకటే. మనకు తెలిసిన లాకుకూ, తలుపుకు వేసే లాక్‌కూ చుట్టరికం ఉందని మనకు తోచదు.

1852లో కాటన్ దొర ఆనకట్ట పూర్తయింది. దాని కాలువలు పొలాలకు నీళ్లిచ్చాయి, పడవలనూ మోశాయి. కాలువ సముద్రం వైపు మెట్లు మెట్లుగా దిగుతుంది. నీళ్లు దూకినట్టు పడవ దూకలేదు కదా! అందుకని రెండు జతల తలుపుల మధ్య ఒక తొట్టి కట్టారు. అదే లాకు. పడవ అందులోకి వచ్చాక వెనక తలుపులు మూస్తారు. తూముల గుండా నీళ్లు మెల్లగా వదులుతారు. నీటితోపాటే పడవా దిగుతుంది. కింది కాలువ మట్టానికి రాగానే ముందు తలుపులు తెరుస్తారు. ఇంత తతంగంలో తాళంచెవి ఎక్కడైనా కనిపించిందా?

లేదు. ఈ మాట పుట్టినప్పుడూ దాని పక్కన తాళంచెవి ఉండాలన్న నియమం లేదు. వెయ్యేళ్ల కిందటి ఇంగ్లీషులో దీని రూపం ‘లొక్’. గడియ, అడ్డుకర్ర అని అర్థం. అడ్డుపెట్టి మూసిన చోటు అని కూడా. జర్మన్ భాషలో దీని తోబుట్టువు ‘లొఖ్’కు కన్నం, బొరియ అని అర్థం. మూసిన చోటు అన్న భావం కాలువలో తొట్టి అయింది, అడ్డుకర్ర అన్న భావం తలుపు మీద తాళం అయింది. ‘బిగించి కదలనివ్వకపోవడం’ అనే ఒక్క మూలార్థం పట్టుకుంటే లాకప్, లాకర్, లాకౌట్ అన్నీ వాటంతట అవే విడిపోతాయి. లాకౌట్‌ను సమ్మెతో కలపకండి. సమ్మెలో పని ఆపేది కార్మికులు, లాకౌట్‌లో గేటు మూసేది యజమాని.

2020 మార్చి 25 నుంచి మనందరికీ నోటికొచ్చిన లాక్‌డౌన్‌కు ఇంకో వింత చరిత్ర ఉంది. 19వ శతాబ్దపు అమెరికాలో నది మీద కలపను తెప్పలుగా కట్టి పంపేటప్పుడు, దుంగలను బిగించే కర్రముక్క పేరు లాక్‌డౌన్. జైళ్లలో ఖైదీలను గదుల్లో ఉంచి తాళం వేసే అర్థం చాలా తర్వాత వచ్చింది.

ఇద్దరు దొంగ చుట్టాలు కూడా ఉన్నారు. తలవెంట్రుకల పాయనూ లాక్ అంటారు. పాత ఇంగ్లీషులో అది ‘లొక్క్’ వంటి వేరే మాట, కాలక్రమంలో ధ్వని ఒకటైపోయింది. రెండోది ‘వెడ్‌లాక్’, అంటే వివాహబంధం. పెళ్లంటే తాళం వేయడమేనని నవ్వేవాళ్లు నిరాశ పడాలి. అందులోని ‘లాక్’ మన లాక్ కాదు, ‘చేసే పని’ అని చెప్పే పాత ప్రత్యయం. ప్రమాణం చేయడం అన్నదే అసలు అర్థం.

ఇక వాడుక. ఇక్కడ తెలుగువాళ్లం తప్పక జారిపడతాం, నేనూ పడ్డాను. ఉద్యోగంలో చేరిన కొత్తలో పరాయి రాష్ట్రంలో ఒక లాడ్జిలో దిగాను. గది బయట నిలబడి గుమాస్తాతో ‘ఐ లాస్ట్ మై లాక్’ అన్నాను. ఆయన చాలా మర్యాదగా లోపలికి వెళ్లి కొత్త తాళం కప్ప తెచ్చి నా చేతిలో పెట్టాడు. ఉన్న తాళం తీయలేక ఏడుస్తున్నవాడికి ఇంకో తాళం!

తప్పు ఆయనది కాదు. మనం ‘తాళం వేశాను’ అంటాం, ‘తాళాలు ఎక్కడ పెట్టావు?’ అనీ అంటాం. మొదటిది కప్ప, రెండోది చెవి. ఇంగ్లీషు ఆ రెంటినీ కలవనివ్వదు. బిగించేది లాక్, తీసేది కీ. పోయింది ఏదో ముందు తేల్చుకుని నోరు తెరవండి.

అలాగే తలుపు దగ్గరగా వేస్తే ‘క్లోజ్’, తాళం కూడా పడితేనే ‘లాక్’. గడియ పెడితే ‘బోల్ట్’. భూతకాల రూపాన్ని చాలామంది ‘లాకెడ్’ అని రెండు ముక్కలుగా పలుకుతారు. అది ‘లాక్ట్’, ఒకే ఊపు, చివర ‘ట్’. పది సార్లు పైకి అనండి. ఇంట్లోవాళ్లు వింతగా చూస్తే చూడనివ్వండి.

అభ్యాసం. ఈ మూడింటినీ ఇంగ్లీషులోకి మార్చండి:

తలుపు వేసే ఉంది కాని తాళం వేయలేదు.
తాళాలు పోయాయి, అందుకని తాళం పగలగొట్టాం.
లాకులు దించేశారు, మా కాలువలో నీళ్లు లేవు.

మూడోదాని దగ్గర కాస్త ఆగండి. మనం కాలువ మీద ఏ తలుపు కనబడినా లాకు అనేస్తాం. ఇంగ్లీషులో పడవను ఎక్కించి దించేదే లాక్. పంటకు నీరు వదిలి కట్టేసేదానికి వేరే మాట ఉంది. ఆ మాటేదో మీ ఊరి కాలువ తలుపులు ఎత్తి దించే లస్కరును అడిగితే చెబుతాడు, వచ్చే పాఠం వరకు నేను చెప్పను.