గేర్ సైకిల్ సొంత రిపేరు, 5వ పాఠం: గ్రిప్పులు మార్చుకోవడం

కిందటి పాఠంలో డిస్క్ బ్రేక్ ప్యాడ్లు మార్చాం. ఆ తర్వాత ఒక రౌండ్ వేసి వచ్చినవాళ్లలో కొందరికి అరచేతులు నల్లగా, జిగటగా అయ్యుంటాయి. ఆ నలుపు గ్రిప్పుల (హ్యాండిల్ చివర్లలో మనం పట్టుకునే రబ్బరు తొడుగుల) నుంచి వచ్చింది. ఎండలో నిలబెట్టిన సైకిలుకి కొన్నేళ్లకు గ్రిప్ రబ్బరు మెత్తబడి బంకలా తయారవుతుంది. చేతి చెమట దానికి తోడు. సబ్బుతో కడిగితే రెండు రోజులు బాగున్నట్టే ఉంటుంది, మళ్లీ మొదలు. అక్కడికి వచ్చిన గ్రిప్పుని ఇక మార్చేయడమే.

ముందు మీ సైకిలుకి ఉన్నది ఏ రకమో చూసుకోండి. గ్రిప్ అంచున లోహపు రింగు, దానికి ఒక చిన్న బోల్టు కనిపిస్తే అది లాక్-ఆన్ రకం. రింగులేమీ లేకుండా ఉత్త రబ్బరు తొడుగులా ఉంటే స్లిప్-ఆన్. తక్కువ ధర గేర్ సైకిళ్లకి ఎక్కువగా వచ్చేది ఇదే. ఈ పాఠంలో ఎక్కువ భాగం దీని గురించే, ఎందుకంటే లాక్-ఆన్‌ది ఐదు నిమిషాల పని.

ఆ ఐదు నిమిషాలదీ ముందే ముగించేద్దాం. బోల్టుకి 2.5 లేదా 3 మి.మీ. ఎలెన్ కీ (L ఆకారంలో వంగిన ఆరు పలకల కీ) పడుతుంది. కీ పెట్టే ముందు ఆ గుంటలో ఇరుక్కున్న మట్టిని గుండుసూదితో గీకి తీయండి. మట్టి మీద కీ పెట్టి తిప్పితే బోల్టు తల అరిగి గుండ్రమైపోతుంది, ఆ తర్వాత దాన్ని తీయడం పెద్ద తలనొప్పి. బోల్టు వదులు కాగానే గ్రిప్ దానంతట అదే జారి వస్తుంది. కొత్తది ఎక్కించాక ఎంత బిగించాలో చాలావాటికి రింగు మీదే న్యూటన్ మీటర్లలో రాసి ఉంటుంది. టార్క్ రెంచ్ (ఎంత బలంతో బిగిస్తున్నామో చూపే పానా) లేకపోతే ఎలెన్ కీ పొడుగు కాలుని బోల్టులో పెట్టి, పొట్టి కాలుని రెండు వేళ్లతో తిప్పండి. అలా పట్టుకుంటే అతిగా బిగించడానికి బలం చాలదు. కార్బన్ హ్యాండిల్ ఉన్నవాళ్లు మాత్రం అందాజాగా బిగించకండి, రెంచ్ అరువు తెచ్చుకోండి.

ఇక స్లిప్-ఆన్. మౌంటెన్ బైక్ హ్యాండిల్లో గ్రిప్ కూర్చునే చోట గొట్టం బయటి వ్యాసం 22.2 మి.మీ. గ్రిప్ రంధ్రం దానికంటే కాస్త చిన్నదిగా చేస్తారు. రబ్బరు సాగి, పొడిగా ఉన్న గొట్టాన్ని గట్టిగా పట్టుకుంటుంది. ఇందులో జిగురూ బోల్టూ ఏవీ లేవు, ఉన్నదల్లా బిగువూ పొడిదనమే. రెండింటిలో పొడిదనం మన చేతిలో ఉంది.

చాలామంది చేసే పని గ్రిప్ చివర పట్టుకుని బయటికి లాగడం. రబ్బరు బ్యాండుని లాగి చూడండి, పొడుగయ్యేకొద్దీ సన్నబడుతుంది. గ్రిప్పూ అంతే, లాగినకొద్దీ గొట్టాన్ని ఇంకా బిగించి పట్టుకుంటుంది. అందుకే లాగకూడదు, లోపలి వైపు నుంచి బయటికి నెట్టాలి. నెట్టినప్పుడు రబ్బరు ఉబ్బి వదులవుతుంది. నెట్టడానికి చోటు కావాలంటే బ్రేక్ లివర్ బోల్టుని (చాలావాటికి 5 మి.మీ. లేదా 4 మి.మీ. కీ) కొద్దిగా వదులు చేసి, లివర్ని రెండు వేళ్ల మందం లోపలికి జరపండి. జరిపే ముందు అది ఉన్న చోట ఇన్సులేషన్ టేపు ముక్క అంటించండి. లేకపోతే తిరిగి పెట్టేటప్పుడు ఇక్కడా అక్కడా అని సందేహం.

ఇప్పుడు లోపల తడి చేయాలి. కొబ్బరి చీపురు నుంచి గట్టి పుల్లలు రెండు తీసుకోండి. స్క్రూడ్రైవర్, పాత స్పోకు లాంటివి వద్దు. అల్యూమినియం గొట్టం మీద పడిన గీత ఎప్పుడో ఒకప్పుడు పగుళ్లకి మొదలవుతుంది. పుల్ల మందపు కొసని గ్రిప్ అంచు కింద దూర్చి, మెల్లగా రెండు అంగుళాలు లోపలికి పోనివ్వండి. పుల్ల పక్కన సన్నని సందు ఏర్పడుతుంది. 5 మి.లీ. సిరంజితో ఆ సందులోకి ఐసోప్రొపైల్ ఆల్కహాల్ వదలండి. సెల్‌ఫోన్ రిపేరు చేసేవాళ్లు బోర్డులు తుడవడానికి వాడే ఐపీఏ ఇదే. ఇది మండే ద్రవం కాబట్టి గాలి ఆడే చోట చేయండి. దగ్గర్లో పొయ్యి, అగరుబత్తి, సిగరెట్ ఉండకూడదు. పుల్లని గొట్టం చుట్టూ తిప్పుతూ ఇంకో మూడు నాలుగు చోట్ల పోయండి. తర్వాత పుల్ల తీసేసి, గ్రిప్పుని రెండు చేతులతో పట్టుకుని తడి గుడ్డ పిండినట్టు అటూ ఇటూ మెలిపెట్టండి. మొదట కదలదు. నాలుగైదు మెలికల తర్వాత లోపల ‘చప్’మని ఒక చిన్న చప్పుడు వస్తుంది, అంతే, గ్రిప్ మొత్తం చేతిలో తిరుగుతుంది. ఆ చప్పుడు వినడానికైనా ఈ పని చేయొచ్చనిపిస్తుంది నాకు. అక్కడి నుంచి తిప్పుతూ బయటికి నెట్టడమే.

ఇంకో దారి గాలి. మా వీధి చివర పంక్చర్ షాపు భాయ్ నన్ను ఒకసారి గ్రిప్పుతో కుస్తీ పడుతుంటే చూసి, “లాగొద్దు సార్, గాలి కొడితే అదే వస్తది” అన్నాడు. కంప్రెసర్ గన్ ముక్కుని గ్రిప్ అంచు కింద పెట్టి గాలి వదిలాడు. గ్రిప్ పాములా ఉబ్బి, రెండు సెకన్లలో జారి ఆయన చేతిలోకి వచ్చింది. కంప్రెసర్ అందుబాటులో ఉన్నవాళ్లకి ఇదే శుభ్రమైన పద్ధతి.

పాతది ఎలాగూ పారేసేదే అయితే బ్లేడుతో కోసేయొచ్చు కదా అంటారు. కోయొచ్చు, కానీ బ్లేడుని గొట్టం మీద బాగా వాలుగా పెట్టి పైపైన కోసి, చివరి పొరని చేత్తో చింపాలి. కార్బన్ హ్యాండిల్ మీద బ్లేడు అసలు పెట్టకండి.

కొత్తవి కొనేటప్పుడు పొడవు చూసుకోండి. మామూలుగా 130 మి.మీ. అటూ ఇటూ ఉంటాయి. మీది గ్రిప్ తిప్పితే గేరు మారే రకం అయితే ఆ వైపు పొట్టి గ్రిప్ కావాలి. లివర్ దాకా స్కేలు పెట్టి కొలవడానికి ఒక నిమిషం పట్టదు. కొలవకుండా కొన్నవాళ్లు షాపుకి రెండోసారి వెళ్తారు.

ఎక్కించడంలో అసలు ప్రశ్న ఏం రాసి ఎక్కించాలని. గాజులు తొడిగే ఆమె చేతికి సబ్బు నురగ రాస్తుంది, గాజు ఎక్కాక కడిగేస్తుంది. మనకి కడిగే వీలు లేదు. రాసినది గ్రిప్ కింద ఇరుక్కుపోతుంది. కాబట్టి జారించి, తర్వాత తనే ఆరి మాయమయ్యేది కావాలి. నేను మొదటిసారి కొబ్బరినూనె రాశాను. వెన్నలా ఎక్కింది, ఎంత తెలివిగా చేశానో అనుకున్నాను. ఆ వారమే అనంతగిరి కొండల్లో దిగుతుంటే కుడి గ్రిప్ నా చేతిలోనే సగం తిరిగి, రెండంగుళాలు బయటికి జరిగింది. పడలేదు కానీ, కిందికి వచ్చేదాకా ఒక చెయ్యి లివర్ మీద, ఒక ప్రాణం గుప్పిట్లో. నూనె ఆరదు, పైగా రబ్బరుని ఉబ్బిస్తుంది. తుప్పు వదిలించే స్ప్రేలూ నూనె జాతివే. వాటి తుంపర డిస్కు మీద పడితే కిందటి పాఠంలో వేసిన కొత్త ప్యాడ్లు కూడా పాడవుతాయి. సబ్బునీళ్లు ఫర్వాలేదు కానీ ఆరడానికి ఒకటి రెండు రోజులు పడుతుంది, సబ్బు ఎక్కువైతే వానలో మళ్లీ జారుతుంది. శానిటైజర్ జెల్లో గ్లిజరిన్ లాంటివి కలుస్తాయి, వద్దు. తీయడానికి వాడిన ఐపీఏనే ఎక్కించడానికీ వాడండి.

పాత బనియన్ గుడ్డని ఐపీఏతో తడిపి గొట్టం మీది నల్లటి జిడ్డు పూర్తిగా తుడవండి. గ్రిప్పుకి కుడి ఎడమలు ఉన్నాయేమో, అరచేతి కింద వెడల్పు భాగం ఎటు రావాలో ముందే చూసి పెట్టుకోండి. తర్వాత గ్రిప్ ఒక చివర బొటనవేలితో మూసి, లోపల ఒక మి.లీ. ద్రవం పోసి, అటూ ఇటూ వంచి గోడలన్నీ తడిపి, మిగిలింది ఒంపేయండి. ఇక ఆగకూడదు. గొట్టానికి పెట్టి ఒకే ఊపులో చివరిదాకా నెట్టాలి. మధ్యలో ఫోన్ మోగినా ఎత్తకండి, కొన్ని సెకన్లలోనే పట్టేయడం మొదలవుతుంది. అడ్డంగా ఇరుక్కుంటే కంగారు పడకుండా మళ్లీ పుల్ల, సిరంజి.

రెండో గ్రిప్ దగ్గర ఒక తమాషా జరుగుతుంది. చివర మూసి ఉన్న రకం అయితే, మొదటిది ఎక్కించేటప్పుడు లోపలి గాలి గొట్టంలోంచి అటు చివర బయటికి పోతుంది. రెండోదానికి ఆ దారి లేదు. నెట్టిన గ్రిప్ స్ప్రింగులా వెనక్కి వస్తుంది. దాని అంచు కింద చీపురు పుల్ల పెట్టి నెట్టండి, గాలి పుస్సుమని పోయి గ్రిప్ కూర్చుంటుంది. పుల్ల మెల్లగా లాగేయండి.

చివర తెరిచి ఉన్న గ్రిప్పులకి ప్లగ్గులు తప్పకుండా కొట్టండి. మనం పడినప్పుడు తెరిచిన గొట్టం అంచు ఒంట్లోకి గుండ్రంగా దిగుతుంది. పిల్లల సైకిళ్లకి అయితే ఇది మరీ ముఖ్యం.

లివర్ని టేపు గుర్తు దగ్గరికి జరిపి బిగించి, సైకిలుని రాత్రంతా వదిలేయండి. పొద్దున ముందు చక్రాన్ని మోకాళ్ల మధ్య పట్టుకుని, గ్రిప్పుని రెండు చేతులతో బలంగా మెలితిప్పండి. కాస్త కూడా తిరగకూడదు. తిరిగితే ఇంకో రోజు ఆగి మళ్లీ చూడండి. అప్పటికీ తిరుగుతుంటే గొట్టం మీద జిడ్డు మిగిలినట్టే, తీసి తుడిచి మళ్లీ వేయాలి. గేర్ కేబుల్ మార్చే 6వ పాఠం లోపు ఈ పరీక్షలో రెండు గ్రిప్పులూ పాసవ్వాలి.