ఇటాలియన్ విందుకు వైన్: పులుపు, వగరు చూసి ఎంచుకోవడం

ఇంట్లో పాస్తా వండి మిత్రులను భోజనానికి పిలిచినప్పుడు, ఏ వైన్ తేవాలన్న ప్రశ్నకు చాలామంది సీసా ధరలోనో, మాంసానికి రెడ్, చేపకు వైట్ అన్న పాత సూత్రంలోనో జవాబు వెతుకుతారు. నా అనుభవంలో వైన్ జత కుదరడం ముక్కకన్నా సాస్ మీదే ఎక్కువ ఆధారపడుతుంది. సాస్‌ను అంచనా వేయడానికి పులుపు, వగరు, కారం, తీపి అన్న మాటలు సరిపోతాయి. అవి మన నాలుకకు చిన్ననాటినుంచీ తెలిసినవే.

మొదట టమాటా సాస్ సంగతి చూద్దాం. బెంగళూరు మార్కెట్లలో దొరికే నాటు టమాటాలు హైబ్రిడ్ కాయలకన్నా పుల్లగా ఉంటాయి కాబట్టి, వాటిని వెల్లుల్లి, ఆలివ్ నూనెతో సన్నటి మంట మీద మగ్గబెట్టాక ఒక చెంచా రుచి చూసి, ఆ తరువాతే వైన్ నిర్ణయించండి. లడ్డూ తిన్న వెంటనే టీ తాగితే చప్పగా అనిపించినట్టే, పుల్లటి సాస్ మీద పులుపు తక్కువున్న వైన్ నీరసంగా తోస్తుంది. అందుకే వైన్‌లోని పులుపు సాస్ పులుపుకు సమానంగానో, కాస్త ఎక్కువగానో ఉండాలి. ఇటలీలోని టస్కనీ ప్రాంతంలో పండే సాంజోవేసే అనే ఎర్ర వైన్ ద్రాక్షకు ఈ గుణం సహజంగా ఉంది. అక్కడ తయారయ్యే కియాంతి అనే రెడ్ వైన్‌లో కనీసం 70 శాతం ఈ ద్రాక్షే ఉండాలన్నది అక్కడి నియమం. దిగుమతి సీసా ధర భారమనిపిస్తే, మహారాష్ట్రలోని అక్లూజ్‌లో ఫ్రాటెల్లీ వారు చేసే సాంజోవేసే తీసుకోవచ్చు. హైదరాబాదుకు చెందిన చిగురుపాటి కృష్ణప్రసాద్, ఉమ దంపతులు హంపి కొండల దగ్గర నెలకొల్పిన క్రస్మా తోటలోనూ ఈ ద్రాక్ష పండుతుంది. మన తెలుగువారి తోట కాబట్టి దాని పేరు చెప్పడం నాకు ప్రత్యేకంగా ఇష్టం.

ఇక వగరు. లేత జామపిందె కొరికినప్పుడు నాలుక పిడచకట్టుకుపోయినట్టయ్యే ఆ గుణాన్ని రెడ్ వైన్‌కు ఇచ్చేది టానిన్. అది మాంసకృత్తులతో కలిసినప్పుడు మెత్తబడుతుంది కనుక, మటన్ కీమాతో చేసిన రగూ సాస్‌కు, చీజ్ దట్టంగా వేసి పొరలుగా పేర్చిన లసాన్యా పాస్తాకు కాస్త వగరున్న వైన్ బాగా నప్పుతుంది. నంది కొండల దిగువన గ్రోవర్ వారు చేసే లా రిజర్వ్ ఇలాంటిదే. అయితే అదే వైన్‌ను ఎండుమిర్చి వేసిన అరబియాతా పాస్తాతో పోయకండి. ఆల్కహాల్, వగరు రెండూ కారం మంటను పెంచుతాయి. గుంటూరు మిర్చి చేయి జారి పడే మన వంటిళ్లలో చల్లటి, కొద్దిగా తీపి ఉన్న షెనిన్ బ్లాంక్ అనే వైట్ వైన్ దగ్గర ఉంచుకోవడం మేలు. బేసిల్ ఆకులు నూరి చేసే పెస్తో సాస్‌కు సావిన్యోఁ బ్లాంక్, పుట్టగొడుగులు వేసి వండే రిసోత్తో అన్నానికి షార్డొనే అనే వైట్ వైన్‌లు సరిపోతాయి.

రెడ్ వైన్‌ను గది ఉష్ణోగ్రతలో వడ్డించాలన్న మాట చల్లటి ఐరోపా ఇళ్లను దృష్టిలో పెట్టుకుని చెప్పినది. అక్కడ దాని అర్థం సుమారు 16 నుంచి 18 డిగ్రీలు. గత ఏప్రిల్‌లో జయనగర్‌లోని మా ఇంట్లో ఆరుగురం కూర్చున్నప్పుడు, పొయ్యి పక్క అలమరలో పొద్దుటినుంచీ ఉన్న సీసాను అలాగే తెరిచి పోశాను. మొదటి గుక్కకే పండు వాసనకు బదులు స్పిరిట్ ఘాటు ముక్కుకు తగిలింది. అదే సీసాను అరగంట ఫ్రిజ్‌లో ఉంచి మళ్లీ పోస్తే, చెర్రీ పండును తలపించే వాసన మెల్లగా బయటపడింది. అప్పటినుంచి రెడ్‌ను వడ్డనకు అరగంట ముందు ఫ్రిజ్‌లో పెడుతున్నాను. వైట్‌కు మూడు గంటలు కావాలి.

750 మిల్లీలీటర్ల సీసాకు ఐదు గ్లాసులు వస్తాయి కాబట్టి ఆరుగురికి మూడు సీసాలు చాలు. మిత్రుల్లో శాకాహారులు, మద్యం ముట్టనివారు ఉంటే రెండు విషయాలు ముందే గమనించండి. అసలైన పార్మిజానో చీజ్‌కు పాలు విరవడానికి దూడ కడుపునుంచి తీసే రెన్నెట్ వాడతారు. సాస్‌లో పోసిన వైన్ ఎంత మరిగించినా ఆల్కహాల్ పూర్తిగా ఆవిరైపోదు, కనుక వారి వాటా సాస్ విడిగా వండండి.

తిరమిసు వంటి తీపి వంటకం పక్కన వైన్ దానికన్నా తియ్యగా ఉండాలి, లేకపోతే పుల్లగా మారినట్టు తోస్తుంది. తిరమిసులోని కాఫీ చేదు కూడా వైన్‌ను అణచివేస్తుంది కాబట్టి, నేనైతే ఆ వేళకు గ్లాసులు తీసేసి ఫిల్టర్ కాఫీ పెడతాను. మిగిలిన వైన్‌కు మూత బిగించి ఫ్రిజ్‌లో ఉంచితే రెండు మూడు రోజులు నిలుస్తుంది.