చేతితో చేసిన షేవింగు సబ్బు, నాలుగవ పాఠం: తొలి తీర్పును తిరగదోడడం

కొత్త సబ్బు గుణం మూడుసార్లు గడ్డం గీసుకుంటే తెలిసిపోతుందని గత పాఠంలో రాశాను. ఆ మాట నమ్మి, నురగ నిలవడం లేదని సబ్బును అటక ఎక్కించినవారిలో ఎక్కువమంది చిత్తూరు వైపు బోరునీళ్లు వాడేవారే. తప్పులో సగం నాది. తిరుపతిలో మా వీధి కొళాయికి వచ్చే కల్యాణి జలాశయపు నీటితో మాత్రమే పరీక్షించి ఆ లెక్క చెప్పాను. ఇప్పుడు మూడును పదిహేనుగా దిద్దుకోవలసిందిగా కోరుతున్నాను.

బ్రష్ నానబెట్టడం వంటివి మళ్లీ చెప్పను. నీటి తప్పును సబ్బు మీద వేసే అలవాటు గురించి మాత్రం చెప్పక తప్పదు. షేవింగు సబ్బులో ప్రధానమైనది స్టియరిక్ ఆమ్లపు లవణం. ఉప్పునీళ్లలోని కాల్షియం, మెగ్నీషియం దానితో కలిసి కరగని తెల్లని మడ్డిగా మారతాయి. ఆ మడ్డి సబ్బును తినడమే కాక, మిగిలిన నురగను కూడా విరగ్గొడుతుంది. కందిపప్పు ఉడకని నీళ్లు, బకెట్ అంచున తెల్లని పొర కట్టే నీళ్లు, గీజరు రాడ్డుకు పెచ్చు పట్టించే నీళ్లు, ఇవన్నీ ఆ జాతివే. పప్పు ఉడకనప్పుడు కందులు పండించిన రైతును తిట్టని మనం సబ్బు చేసినవాడిని మాత్రం ఎందుకు తిడతామో నాకు అర్థం కాదు.

తాగునీటి కఠినత్వం, అంటే అందులో కరిగిన కాల్షియం, మెగ్నీషియం లవణాల మోతాదు, లీటరుకు 200 మిల్లీగ్రాముల లోపు ఉండాలని, వేరే ఆధారం లేనిచోట 600 వరకు అనుమతించవచ్చని భారతీయ ప్రమాణం ఐఎస్ 10500 చెబుతుంది. 600 ఉన్న నీటిని 30 మిల్లీలీటర్లు వాడితే, నా లెక్క ప్రకారం, సుమారు 0.12 గ్రాముల సబ్బు మడ్డికే పోతుంది. బ్రష్‌కు ఒక గ్రాము ఎక్కించేవారికి ఇది పెద్ద నష్టం కాదు. పొదుపు పేరుతో బ్రష్‌ను సబ్బు మీద పది సెకన్లు రుద్ది పావు గ్రాముతో సరిపెట్టుకొనేవారికి మాత్రం సగం పెట్టుబడి అక్కడే మునిగిపోతుంది. కాబట్టి బోరునీళ్ల ఇంట్లో నలభై సెకన్లు రుద్దండి. నీటిని కాచినా కఠినత్వంలో కొంత భాగమే పోతుంది.

నురగ ఎత్తు చూసి మురిసిపోకండి. బ్లేడు దాటిన చోట తడివేలితో రాస్తే ఇంకా జారుడు ఉండాలి. నా దృష్టిలో సబ్బుకు అదొక్కటే పరీక్ష. గిన్నెలో చిలకడం నాకు నచ్చదు, ముఖం మీదే నురగ తీస్తాను. పరిమళం వారానికే ముక్కుకు అలవాటై తగ్గినట్లు తోస్తుంది కనుక దానికి మార్కులు వేయకండి. చర్మం మంట పుడితే మాత్రం పదిహేను రోజులు ఆగకుండా అప్పుడే మానేయాలి.

అభ్యాసం: మొదటి ఐదు రోజులు బోరునీళ్లు, తర్వాత ఐదు రోజులు ఆర్‌ఓ నీళ్లు, చివరి ఐదు రోజులు మళ్లీ బోరునీళ్లు, కానీ రెట్టింపు సేపు రుద్దిన సబ్బుతో. రేజరు, బ్రష్ మారకూడదు. ప్రతి విడతకూ అదే రకం కొత్త బ్లేడు. మూడు నిమిషాల తర్వాత నురగ ఎలా ఉందో రోజూ ఒక వాక్యం రాయాలి. మధ్యలో వేరే సబ్బు ముట్టినవారు ఆ విడతను మొదటినుంచి చేయాలి. శనివారం గడ్డం గీసుకోని ఇళ్లవారు ఆ ఒక్కరోజు వదిలి ఆదివారం కొనసాగించవచ్చు.