డేట్ సన్నివేశం పండకపోతే తప్పు ఎక్కడ వెతకాలి

డేట్ సన్నివేశం పండలేదని నా దగ్గరికి వచ్చే సినిమా స్క్రిప్టుల్లో చాలావాటికి అప్పటికే మూడు నాలుగుసార్లు చోటు మారి ఉంటుంది. మొదటి డ్రాఫ్టులో కాఫీ షాపు, రెండో దాంట్లో మేడ, మూడో దాంట్లో పడవ. మాటలు మాత్రం అవే.

చోటు మార్చే ముందు చేయాల్సిన పరీక్ష ఒకటుంది. అయిదు నిమిషాల పని. దయచేసి దాన్ని దాటేయకండి. ఆ సన్నివేశాన్ని స్క్రిప్టులోంచి తీసి పక్కన పెట్టి, దాని ముందు సీను చదివిన వెంటనే దాని తర్వాతి సీను చదవండి. కథ ఎక్కడా తెగినట్టు అనిపించకపోతే మీ డేట్‌కు కథలో పని లేదన్నమాట. అప్పుడు డైలాగులు ఎంత చెక్కినా ఫలితం ఉండదు. ఆ సాయంత్రం డేట్‌కు వచ్చిన ఇద్దరి మధ్య ఏం మారిందో ఒక్క వాక్యంలో రాయండి. "దగ్గరయ్యారు" అని రాస్తే చాలదు. "వచ్చేటప్పుడు అతను నెమ్మదస్తుడనుకుంది, వెళ్లేటప్పుడు పిరికివాడేమోనని అనుమానపడింది" అన్నంత కచ్చితంగా ఉండాలి. ఈ వాక్యం దొరికాకే కింద చెప్పేవి చదవండి.

లక్షణం: మాటలు చురుగ్గా ఉన్నాయి, కానీ ఏది ఎవరన్నారో గుర్తుండదు

పాత్రల పేర్లు చేత్తో మూసి చదవండి. అతని మాట ఆమె నోట్లో పెట్టినా అతికిపోతోందంటే, ఇద్దరూ ఒకే పని మీద వచ్చారని అర్థం: ఎదుటివారికి నచ్చడం. ఇద్దరికీ ఆ సాయంత్రానికి ప్రేమతో సంబంధం లేని అవసరం ఒక్కొక్కటి ఇవ్వండి. ఆమెకు ఎనిమిదింటికల్లా బయటపడాలి, ఎందుకో చెప్పకూడదు. అతనికి ఆమె పాత ఉద్యోగం ఎందుకు మానేసిందో తెలుసుకోవాలి, నేరుగా అడగకూడదు. మాటలు వాటంతటవే విడిపోతాయి.

లక్షణం: చోటు అందంగా ఉంది, సీను గుర్తుండదు

ఆ చోటు వాళ్లతో ఏ పనీ చేయించడం లేదు. 1974లో డోనాల్డ్ డటన్, ఆర్థర్ ఆరన్ అనే మనస్తత్వ శాస్త్రవేత్తలు కెనడాలోని కపిలానో లోయ మీద ఊగే వంతెన దగ్గర ఒక ప్రయోగం చేశారు. వంతెన దాటుతున్న మగవాళ్లను ఒక యువతి పలకరించి, కొన్ని ప్రశ్నలడిగి, తన ఫోన్ నంబరు ఇచ్చింది. కదలని, గట్టి వంతెన మీద కలిసినవాళ్ల కంటే ఊగే వంతెన మీద కలిసినవాళ్లు ఎక్కువగా ఫోన్ చేశారు. భయంతో కొట్టుకున్న గుండెను వాళ్లు ఆకర్షణగా పొరబడ్డారని పరిశోధకుల వివరణ. రచయితకు ఇక్కడ పనికొచ్చేది ఒక్కటే: చోటు శరీరాన్ని తాకాలి. చలి, ఎత్తు, చీకటి, ఇరుకు, బరువు, ఏదో ఒకటి. వాళ్ల చేతులకు పని కల్పించండి.

లక్షణం: అందరూ బాగుందంటారు, పూర్తి స్క్రిప్టు చదివినవాళ్లు మాత్రం అక్కడే పేజీలు తిప్పేస్తారు

నన్ను బాగా దెబ్బతీసినది ఇదే. ఒక కథలో నాయిక చిన్నప్పుడు పాడేది. తండ్రి ఇల్లు విడిచిపోయిన రోజు నుంచి మానేసింది. తొమ్మిదో పేజీలోనే దాన్ని చూపించాను: ఖాళీ గది, మూసిన హార్మోనియం, తలుపు దగ్గర పిల్ల. నలభయ్యో పేజీలో డేట్. అక్కడ ఆమె ఆ సంగతంతా అతనికి చెబుతుంది. నేను రాసిన మంచి డైలాగుల్లో అవి కొన్ని. అయినా పూర్తి స్క్రిప్టు చదివిన ప్రతివారూ ఆ రెండు పేజీల దగ్గర ఆసక్తి కోల్పోయారు. మూడు వారాల పాటు మాటలు మార్చాను, రెండుసార్లు చోటు మార్చాను, వాన కూడా పెట్టాను.

తప్పు తొమ్మిదో పేజీలో ఉంది. ఆమె చెబుతున్నది అతనికి కొత్త, ప్రేక్షకుడికి పాత. తెర మీద ఒకరు చలించిపోతుంటే, చూసేవాడు తనకు తెలిసిన కథ రెండోసారి వింటూ కూర్చున్నాడు. మామూలు స్క్రిప్టు ఫార్మాట్‌లో ఒక పేజీ తెర మీద దాదాపు ఒక నిమిషం. అంటే ప్రేక్షకుణ్ని రెండు నిమిషాల పాటు గది బయట నిలబెట్టాను.

ఇది దొరకకపోవడానికి కారణముంది. సందేహం వచ్చినప్పుడు స్నేహితులకు ఆ సన్నివేశం ఒక్కటే పంపుతాం. విడిగా చదివితే అందులో ప్రతి మాటా కొత్తదే కాబట్టి వాళ్లు కళ్లు తుడుచుకుంటారు. మనం ధైర్యంగా లోపాన్ని పదిలపరుస్తాం. అందుకే డేట్ సన్నివేశాన్ని విడిగా ఎవరికీ ఇవ్వకండి. మొదటి పేజీ నుంచి చదివించండి.

పట్టుకోవడం తేలిక. రంగు పెన్సిలు తీసుకుని, డేట్‌లో పాత్రలు తమ గురించి చెప్పుకునే ప్రతి సమాచారం కింద గీత గీయండి. అందులో ప్రేక్షకుడికి ముందే తెలిసినవాటికి సున్నా చుట్టండి. సగానికి పైగా చుట్టుకుపోతే జబ్బు ఇదే.

మందు రెండు రకాలు. మొదటిది, ముందున్న సీను కొట్టేసి, ఆ సంగతిని డేట్‌లోనే తొలిసారి బయటపెట్టడం. ముందు సీనుకు వేరే పని లేకపోతే ఇది చాలు. రెండోది నాకు ఎక్కువ ఇష్టం: ముందు సీను ఉంచి, డేట్‌లో ఆమె చేత నిజం చెప్పించకపోవడం. నా కథలో అతను "పాడతారా?" అని అడుగుతాడు. ఆమె "ఎప్పుడూ లేదు" అంటుంది. పక్క బల్ల దగ్గర ఎవరో కూనిరాగం తీస్తుంటే ఆమె వేలు బల్ల మీద తాళం వేస్తుంది. అతను వేలు చూస్తాడు, ఏమీ అనడు. ప్రేక్షకుడికి తెలిసిన పాత సంగతే ఇప్పుడు అతన్ని కుర్చీ అంచుకు లాగింది. రెండు పేజీలు ముప్పావు పేజీ అయ్యాయి.

1953 నాటి హాలీవుడ్ సినిమా "రోమన్ హాలిడే"లో రాతి ముఖం దగ్గరి సన్నివేశం నిలబడింది దీని మీదే. అబద్ధమాడేవాళ్ల చేతిని ఆ రాతి నోరు కొరికేస్తుందని నమ్మకం. నాయిక తను రాకుమారినని దాచింది, నాయకుడు తను విలేఖరినని దాచాడు. మనకు రెండూ తెలుసు. కొత్త సమాచారం ఒక్క ముక్క కూడా లేకుండానే, ఆమె చెయ్యి ఆ నోటి దాకా వెళ్లి ఆగిపోతుంటే మనం ఊపిరి బిగబడతాం. అక్కడ ఆమె తన కథ నిజాయితీగా చెప్పుకుని ఉంటే ఏం మిగిలేదో ఊహించండి.

ఒక జాగ్రత్త. అబద్ధం పాత్ర స్వభావంలోంచి రావాలి. నా నాయిక జాలి చూపులు భరించలేదు, అందుకే దాచింది. కారణం లేకుండా దాచితే అది రచయిత ఎత్తుగడగా బయటపడిపోతుంది.

మిగతావి

సీను మరీ పొడవుగా ఉంటే పలకరింపులు, కూర్చోవడాలు కోసేసి మాటల మధ్యలో మొదలుపెట్టండి. ముందు సీనులోనూ ఇద్దరు కూర్చుని మాట్లాడుకుంటుంటే ఒకదాన్ని నడకలో పెట్టండి. సంగీతం పడితే లేస్తుందన్న మాట నేను నమ్మను, కాగితం మీద లేవనిది అరుదుగా లేస్తుంది. నటుల మధ్య పొసగకపోవడం నిజంగా ఉండే సమస్యే, కానీ అది చిత్రీకరణ నాటిది, రాసే బల్ల దగ్గర దాని గురించి ఆలోచించకండి.