సొంతంగా కట్టుకున్న విమానంలో రేడియో యాంటెన్నా: సమస్యలు, కారణాలు, పరిష్కారాలు

గాలి నిరోధం తగ్గించుకోవాలని యాంటెన్నాను వంచడం, కురచ చేయడం, రెక్క కొసలో దాచడం సొంతంగా విమానం కట్టుకునేవారిలో తరచుగా కనిపించే పని. ఆ తర్వాత తలెత్తే ఇబ్బందులకు చాలావరకు రేడియో కారణం కాదు. యాంటెన్నాను ఎక్కడ, ఏ దిశలో, దేనిమీద నిలిపామన్నదే కారణం. కాబట్టి రేడియోను విప్పకముందే యాంటెన్నా ఎనలైజర్‌తో 118, 127, 136 మెగాహెర్ట్జ్‌ల దగ్గర ఎస్‌డబ్ల్యూఆర్, అంటే పంపిన శక్తిలో ఎంత యాంటెన్నా నుంచి వెనక్కి వస్తుందో చెప్పే నిష్పత్తి, కొలవాలి. అది 2 ఉంటే పంపిన శక్తిలో దాదాపు 11 శాతం వెనక్కి వస్తుంది, 3 ఉంటే 25 శాతం. అయితే కేబుల్‌లో నష్టం ఎక్కువగా ఉంటే వెనక్కి వచ్చే శక్తి దారిలోనే హరించుకుపోయి కొలత మంచిగా కనిపిస్తుంది. అందుకే వీలైతే యాంటెన్నా మొదట్లోనే కొలవడం మేలు.

టవర్ మాట వినిపిస్తుంది, మన మాట టవర్‌కు అందదు

కమ్యూనికేషన్ యాంటెన్నాను రెక్క కొసలో అడ్డంగా పడుకోబెట్టిన విమానాల్లో ఇది మామూలు. విమాన సంభాషణకు వాడే ఈ ఫ్రీక్వెన్సీ బ్యాండులో నేలమీది స్టేషన్లు నిలువు ధ్రువణం, అంటే నిటారుగా ఊగే తరంగాలు, వాడతాయి. అడ్డంగా ఉన్న యాంటెన్నా ఆ తరంగాలతో సరిపడక 20 డెసిబెల్స్ దాకా, అంటే శక్తిలో నూరింట తొంభైతొమ్మిది వంతుల దాకా, నష్టపోవచ్చు. టవర్ ట్రాన్స్‌మిటర్ సాధారణంగా మన రేడియోకంటే శక్తిమంతమైనది గనుక వినడంలో లోపం తెలియదు, మాట్లాడినప్పుడే బయటపడుతుంది.

పరిష్కారం ఒక్కటే: కమ్యూనికేషన్ యాంటెన్నాను వీలైనంత నిలువుగా, విమానం చర్మం లోహమైతే బయట, పెట్టాలి. దానివల్ల పడే భారం ఎంతో లెక్కవేసి చూడవచ్చు. 3 మిల్లీమీటర్ల మందం, 56 సెంటీమీటర్ల పొడవు ఉన్న గుండ్రటి కడ్డీ నిటారుగా నిలిస్తే సముద్రమట్టంలో 160 నాట్ల వేగం వద్ద సుమారు 8 న్యూటన్ల నిరోధం కలుగుతుంది. అదే కడ్డీని 45 డిగ్రీలు వెనక్కి వాలిస్తే నిరోధం దాదాపు మూడో వంతుకు దిగుతుంది, నిలువు ధ్రువణం కూడా చాలినంత మిగులుతుంది. అంతే మందంలో గాలికి అనువుగా మలచిన బ్లేడ్ ఆకారం నిటారు కడ్డీ నిరోధంలో పదోవంతుతో సరిపెట్టవచ్చు, కాని అమ్మకానికి దొరికే బ్లేడ్ యాంటెన్నాలు కడ్డీకంటే మందంగా ఉంటాయి కనుక ఆ లాభమంతా చేతికి రాదు. నా అంచనాలో నిదానంగా ఎగిరే విమానానికి వాలు కడ్డీ చాలు, బ్లేడుకు పెట్టే ఖర్చు వేగం ఎక్కువైనప్పుడే గిట్టుబాటవుతుంది.

దాచుకోవాలనే కోరిక తీరే చోటు వేరే ఉంది. దిశ చూపే వీఓఆర్, రన్‌వే వరుస చూపే లోకలైజర్ అనే నేల స్టేషన్ల సంకేతాలు అడ్డ ధ్రువణంలోనే వస్తాయి కాబట్టి నావిగేషన్ యాంటెన్నా ఫైబర్‌గ్లాస్ రెక్క కొసలో హాయిగా ఇముడుతుంది. దానికి గాలి నిరోధం సున్నా.

ఒక దిక్కుకు తిరిగితే మాట తెగిపోతుంది

పొట్ట కింద అమర్చిన యాంటెన్నాకు ల్యాండింగ్ గేర్ కాళ్లు, వెన్ను మీద అమర్చినదానికి నిలువు తోక అడ్డుపడతాయి. ఒక మెల్లని పూర్తి చుట్టు తిరుగుతూ ఏ దిశలో మాట బలహీనపడుతుందో గమనిస్తే అడ్డు ఏదో తెలుస్తుంది. రెండు రేడియోలుంటే ఒక యాంటెన్నా పైన, ఒకటి కింద పెట్టడం ఉత్తమం. నేలమీద ఉన్నప్పుడు పైది, గాలిలో కిందిది బాగా పనిచేస్తాయి.

ఫ్రీక్వెన్సీ ఏదైనా ఎస్‌డబ్ల్యూఆర్ ఎక్కువే

ఫైబర్‌గ్లాస్ లేదా చెక్క విమానంలో పావు తరంగ కడ్డీకి (తరంగదైర్ఘ్యంలో నాలుగో వంతు పొడవున్నదానికి) కింద గ్రౌండ్ ప్లేన్, అంటే యాంటెన్నాకు రెండో సగంలా పనిచేసే లోహపు పరపు, లేకపోవడమే కారణం. కడ్డీ మొదలు నుంచి నాలుగు వైపులకు సుమారు 60 సెంటీమీటర్ల రాగిరేకు పట్టీలు పరచి, వాటిని కేబుల్ లోహపు పైతొడుగుకు కలపాలి. ఇంతకంటే నాకు నచ్చే దారి ఫైబర్‌గ్లాస్ నిలువు తోక లోపల రాగి పట్టీలతో సుమారు 1.1 మీటర్ల డైపోల్ (గ్రౌండ్ ప్లేన్ అక్కరలేని, రెండు సమాన భాగాల యాంటెన్నా) అతికించి, కేబుల్ కలిసేచోట దాని పైతొడుగు మీద కరెంటు పారకుండా ఆపే ఫెరైట్ రింగులు తొడగడం. విమాన రూపకర్త బర్ట్ రూటన్ లాంగ్-ఈజీ విమానాల్లో ఇలాంటి రాగిరేకు యాంటెన్నాలను రెక్క చివరి నిలువు వింగ్‌లెట్లలో ఇమిడ్చేవారు. పక్కనే లైటు వైర్లు, లోహపు కంట్రోల్ కేబుళ్లు సమాంతరంగా సాగితే మాత్రం యాంటెన్నా శ్రుతి తప్పుతుంది. కార్బన్ ఫైబర్ చర్మమైతే ఈ ఆలోచనే మానుకోవాలి, ఎందుకంటే కార్బన్ విద్యుద్వాహకం, తరంగాన్ని బయటికి పోనివ్వదు.

బటన్ నొక్కగానే మీటర్ ముల్లు ఎగురుతుంది, ఆటోపైలట్ కుదుపు ఇస్తుంది

యాంటెన్నా లోపల ఉన్న విమానాల్లో ఇది ఎక్కువ. మాట్లాడేటప్పుడు కేబుల్ పైతొడుగు బయటివైపున కరెంటు పారి ఇతర వైర్లలోకి చొరబడుతుంది. యాంటెన్నా మొదట్లో గ్రౌండ్ కలయిక సరిచూసి, ఫెరైట్ రింగులు పెంచి, ఆర్‌జి-58 బదులు రెండు పొరల కవచమున్న ఆర్‌జి-400 కేబుల్ వేయాలి. అప్పటికీ తగ్గకపోతే యాంటెన్నాను దూరం జరపక తప్పదు.

మాట్లాడినప్పుడు జీపీఎస్ పోతుంది

జీపీఎస్ 1575.42 మెగాహెర్ట్జ్ మీద పనిచేస్తుంది. రేడియో పంపే ఫ్రీక్వెన్సీతోపాటు దాని గుణిజాల మీద కూడా కొద్దిగా శక్తి వెలువడుతుంది. 121.175కు పదమూడో గుణిజం, 131.275కు పన్నెండో గుణిజం దాని పక్కనే పడతాయి. ఈ రెండు ఫ్రీక్వెన్సీల మీద, వాటికి ఇరువైపులా ఉన్న 121.150, 121.200, 131.250, 131.300 మీద, ఎవరికీ అడ్డురాకుండా కొన్ని సెకన్లు ట్రాన్స్‌మిట్ చేసి చూస్తే, అక్కడ మాత్రమే జీపీఎస్ పోతుంటే దోషం రుజువైనట్టే. యాంటెన్నాలను దూరం చేయాలి, లేదా కమ్యూనికేషన్ కేబుల్‌లో ఆ గుణిజాన్ని మాత్రం అడ్డుకునే నాచ్ ఫిల్టర్ పెట్టాలి.

ట్రాన్స్‌పాండర్ జవాబు అప్పుడప్పుడు కనిపించదు

ట్రాన్స్‌పాండర్ రాడార్ ప్రశ్నకు జవాబిచ్చే పరికరం. సుమారు 7 సెంటీమీటర్ల దాని యాంటెన్నా కడ్డీ పొట్ట కింద ఎగ్జాస్ట్ దారిలో ఉంటే దాని ఇన్సులేటర్ మీద మసి, నూనె పేరుకుంటాయి. తుడిచి, పక్కకు మార్చాలి.

మొదట బాగానే ఉండి, క్రమంగా క్షీణించింది

మొదలు దగ్గర పెయింట్ మిగిలిందో, తుప్పు చేరిందో చూడాలి. అల్యూమినియాన్ని మెరిసేదాకా గీకి, కలిపి, అంచు చుట్టూ సీలెంట్ పూయాలి. విప్పినప్పుడే చర్మం లోపలి వైపున కూడా చూడటం మంచిది. పలుచని రేకు మీద బ్లేడ్ ఊగి ఊగి రంధ్రాల చుట్టూ పగుళ్లు వస్తాయి, లోపల బలానికి వేసే అదనపు రేకు (డబ్లర్ ప్లేటు) రివిట్ చేయకుండా దాన్ని తిరిగి బిగించకూడదు.