కల్పిత భాష పదకోశంలో మూలం గడి ఖాళీగా వదలకండి

స్ప్రెడ్‌షీట్‌లో పదం, అర్థం పక్కన మరో మూడు గడులు పెట్టండి: మూలపదం, చేసిన ధ్వనిమార్పు, "బయటికా, లోపలికేనా" (ఆ మూలాన్ని బయటికి చెప్పాలా, మీలోనే ఉంచుకోవాలా). పదం పుట్టించిన రోజే నింపాలి. తర్వాత రాద్దామనుకుంటే మూలం గుర్తుండదు, అదే ధాతువును ఇంకోలా మార్చి రెండో పదం చేసేస్తారు, నియమం చెడుతుంది.

జనం నేర్చుకోవాలని చేసే భాషైతే మూలాలు చెప్పేయడమే మేలు. ష్లేయర్ అనే జర్మన్ మతగురువు అంతర్జాతీయ భాషగా తయారుచేసిన వొలాప్యూక్‌లో "వొల్" ఇంగ్లిష్ "వరల్డ్" నుంచి, "ప్యూక్" "స్పీక్" నుంచి వచ్చాయి. చెప్పకపోతే పోల్చుకోవడం కష్టం, చెబితే ఇట్టే గుర్తుండిపోతాయి.

కథాలోకపు భాషకైతే బయటి మూలం దాచి, ఆ లోకంలోని పాతరూపాన్నే చూపండి. లేకుంటే పాఠకులు అసలు పదపు అర్థఛాయలన్నీ మీ పదానికి అంటగడతారు. తెలిసినవాళ్ల పేర్ల నుంచి తీసినవైతే ఎప్పుడూ లోపలికే.