ఒక కోరా, రెండు కోర్లా? ఫైబర్ లింకు వేసే ముందు చూసుకోవాల్సినవి

పలాసలో జీడిపప్పు ఫ్యాక్టరీ ఆఫీసు నుంచి వెనక గోడౌనుకో, రాజాంలో షాపు నుంచి రోడ్డవతల స్టాకు రూముకో నెట్ లాగాలంటే, దూరం 100 మీటర్లు దాటాక మామూలు ల్యాన్ కేబుల్‌ని నమ్మొద్దు. పైగా మన వైపు వేసవి పిడుగులకి రాగి తీగ గుండా స్విచ్ పోర్టులు కాలిపోతుంటాయి, అందుకే లోపల లోహం లేని ఫైబర్ కేబులే అడిగి తీసుకోండి.

డూప్లెక్స్ అంటే రెండు కోర్లు (కోరు అంటే కేబుల్ లోపల వెలుగుని మోసే సన్నటి గాజు పోగు): ఒకటి పంపడానికి, ఒకటి అందుకోవడానికి. ఇటు టీఎక్స్ (పంపే పోర్టు) అటు ఆర్‌ఎక్స్ (అందుకునే పోర్టు) లోకి వెళ్లాలి. లింక్ లైటు వెలగకపోతే ఒక్క చివర మాత్రమే రెండు పిన్నులూ మార్చి పెట్టండి, రెండు చివర్లా మారిస్తే మళ్లీ మొదటికే వస్తారు.

సింప్లెక్స్ అంటే ఒకటే కోరు. ఒక కోరైతే స్పీడు సగమే వస్తుందని చాలామంది భయపడతారు కానీ అది నిజం కాదు, బైడై మాడ్యూల్ (ఒకే కోరు మీద పంపడం, అందుకోవడం రెండూ చేసే చిన్న పరికరం) వాడితే ఆ ఒక్క దాని మీదే గిగాబిట్ రెండు వైపులా ఒకేసారి నడుస్తుంది, ఎందుకంటే పోయే వెలుగుకీ వచ్చే వెలుగుకీ వేవ్‌లెంగ్త్ (వెలుగు రంగు లాంటిది) వేరు. ఒక చివర 1310 నానోమీటర్లలో పంపి 1490లో అందుకుంటే, రెండో చివర సరిగ్గా దానికి తిరగేసి ఉండాలి. కొన్ని మీడియా కన్వర్టర్లలో (ల్యాన్ కేబుల్‌ని ఫైబర్‌కి కలిపే డబ్బాలు) 1490 బదులు 1550 ఉంటుంది, ఆ రెండు రకాలనీ కలపొద్దు. కొనేటప్పుడే ఇలా ఒకదానికొకటి తిరగేసి ఉండే ఏ, బీ రకాలని జతగా తీసుకోండి. రెండూ ఏ అయితే కేబుల్ ఎంత బాగున్నా లింకు రాదు.

ఏది వేసినా, సింగిల్ మోడ్ (ఎక్కువ దూరాలకి వాడే ఫైబర్ రకం) మాడ్యూల్‌కి సింగిల్ మోడ్ కేబులే, ఆకుపచ్చ కనెక్టర్‌ని నీలం దానిలో గుచ్చకండి. గోడౌన్లలో దుమ్ము ఎక్కువ కాబట్టి పెట్టే ముందు ప్రతిసారీ ఫైబర్ క్లీనర్‌తో కొన తుడవండి, నోటితో ఊదితే తడి అంటుకుంటుంది. కొనలోకి మాత్రం ఎప్పుడూ చూడకండి, ఆ లేజర్ కంటికి కనిపించదు గానీ కంటిని పాడుచేయగలదు!

నన్నడిగితే, ఇవాళ ఒక కోరే చాలినా 4 కోర్ల కేబుల్ పాతండి. ఖర్చంతా గొయ్యి తవ్వించడంలోనే ఉంటుంది. మిగిలిన కోర్లకీ ఇప్పుడే స్ప్లైసింగ్ (కనెక్టర్ ఉన్న పోగుని కోరు కొనకి అతకడం) చేయించి, క్యాప్ పెట్టి, రెండు చివర్లా ఒకే నంబరు రాసి ఉంచండి.